గోడ మీద పంతొమ్మిది పేర్లు

న్యూ ఆర్లీన్స్ వెళ్ళొచ్చి నెల దాటింది. తిరిగొచ్చిన ఆదివారమే మా తెలుగు చర్చిలో అందరూ చుట్టూ చేరి ఏం చూశారు, ఏం తిన్నారు అని అడిగారు. తిండి గురించి చెప్పాను, మిసిసిపీ మీది వంతెన గురించి చెప్పాను. అసలు సంగతి మాత్రం మింగేశాను. "రాస్తే మొత్తం రాయండి, లేకపోతే అసలు రాయకండి" అంది మా ఆవిడ సుగుణ. అందుకని మొత్తం రాస్తున్నాను.

బెంటన్‌విల్ నుంచి

నేను చీరాల దగ్గరివాణ్ణి. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో ఒక పెద్ద కంపెనీకి కాంట్రాక్టు మీద పనిచేస్తాను. పాత రికార్డుల్లో తప్పులూ చెత్తా ఏరి పారేయడం నా పని. ఇంట్లో కూడా అదే బుద్ధి. సింకులో ఒక్క గ్లాసున్నా నిద్రపట్టదు. సుగుణ నన్ను "మున్సిపాలిటీ" అని పిలుస్తుంది, అదీ ముద్దుగా ఏమీ కాదు.

మా నాన్న బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. పెళ్ళి ఊరేగింపులో సినిమా పాట వాయిస్తూ వాయిస్తూ మధ్యలో ఒక చోట పాటను వదిలేసి ఎక్కడికో పైకి వెళ్ళిపోయేవాడు, అక్కడ రెండు చుట్లు తిరిగి మళ్ళీ మెల్లగా దిగి పాటలో కలిసేవాడు. ఆ తిరుగుడు ఎక్కడ నేర్చావని అడిగితే, చిన్నప్పుడు మిషన్ బంగళాలో గ్రామఫోన్ మీద ఒక ప్లేటు వినేవాణ్ణని చెప్పేవాడు. వాయించినవాడి పేరు ఆయనకు తెలియదు. నాన్న పోయిన చాలా ఏళ్ళకు, ఒకరోజు కంప్యూటర్‌లో పాత జాజ్ రికార్డులు వింటుంటే ఆ తిరుగుడే వినపడింది. వాయించినవాడు క్లోవిస్ బెర్జే, న్యూ ఆర్లీన్స్ నల్లజాతివాడు. ఆ సంగీతం మొదలైన రోజుల్లోనే క్లారినెట్ పట్టినవాడు. కుర్చీలోంచి లేచి, సుగుణ చూడకుండా బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

ఆయన సమాధి చూడాలనుకున్నాను. నవంబర్ మొదట్లో వెళ్ళాలనుకోవడానికి వేరే కారణం కూడా ఉంది. మా వైపు క్రైస్తవులకు నవంబర్ రెండు సమాధుల పండుగ. ముందురోజే వెళ్ళి మనవాళ్ళ సమాధులు గీకి, కడిగి, సున్నంలో కాస్త నీలిమందు కలిపి వేస్తాం. రెండో తారీఖున బంతిపూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాం. నాన్న సమాధికి పదకొండేళ్ళుగా తమ్ముడే సున్నం వేస్తున్నాడు. నేను వాట్సాప్‌లో వీడియో చూస్తాను. న్యూ ఆర్లీన్స్‌లో కూడా ఆ రోజుల్లో సమాధులకు సున్నం వేస్తారని చదివినప్పుడు, ఇక ఆగలేకపోయాను.

"జాజ్ అంటే మీకేం తెలుసండీ?" అంది సుగుణ.

"ఏం తెలీదు. మా నాన్న వాయించాడు, అంతే."

"సరే పదండి. చేతులు మాత్రం ఊరుకోనివ్వండి. అక్కడికెళ్ళి అందరి కిచెన్లూ సర్దకండి."

వంతెన దాటాక

మొదటిరోజు ఆర్కన్సా కొండలు దిగి, లిటిల్ రాక్ దాటి, సాయంత్రానికి మిసిసిపీ నది మీద వంతెన ఎక్కాం. అవతల నేల గుంటూరు జిల్లా నేలలాగే నల్లగా, చదునుగా ఉంది. పత్తి తీసేసిన చేలు. రోడ్డు పక్కన గాలికి ఎగిరిపడిన పత్తి తుక్కు చూసి సుగుణ కారు ఆపమంది. దిగి గుప్పెడు పత్తి ఏరుకుని, వేళ్ళతో గింజ తీసి చూసి, మళ్ళీ కారెక్కింది. వాళ్ళ అమ్మ పత్తి తీతకు వెళ్ళేది.

రాత్రికి ఆగిన ఊళ్ళో టమాలీలు తిన్నాం. మొక్కజొన్న పిండిలో కారం కారంగా మాంసం పెట్టి, మొక్కజొన్న పొత్తి ఆకులో చుట్టి ఉడికిస్తారు. అరడజను ఎనిమిది డాలర్లు. ఆకు విప్పగానే ఆవిరి, వాసన, అంతా కోనసీమలో పనసాకుల్లో ఉడికించే పొట్టిక్కలే. నేను మొదటిదాన్ని ఆకుతో సహా కొరికాను. అమ్మే ఆవిడ నవ్వాపుకోలేక గల్లాపెట్టె పట్టుకుని వంగిపోయింది. "ఆకు మా ఊళ్ళో మేకలు తింటాయి బంగారం" అంది. ఆ వైపు ఎవరు పలకరించినా బంగారం అనే అంటారు. యాభై ఏళ్ళ బట్టతలవాణ్ణి, రెండు రోజులకే అలవాటుపడ్డాను.

గాజుపెట్టెలో క్లారినెట్

న్యూ ఆర్లీన్స్ చేరి ముందు గంబో తిన్నాం. రొయ్యలూ బెండకాయా వేసిన నల్లటి పులుసు, మధ్యలో అన్నం ముద్ద. గిన్నె పద్నాలుగు డాలర్లు. చింతపండు ఒక్కటి పడితే మన పులుసే అంది సుగుణ. తర్వాత ఒక చిన్న మ్యూజియంకి వెళ్ళాం. పాత ఇల్లు, మూడు గదులు. మూడో గదిలో గాజుపెట్టెలో క్లోవిస్ బెర్జే క్లారినెట్ ఉంది. రెండు మీటలకు రబ్బరుబ్యాండ్లు కట్టి ఉన్నాయి. నాన్న కూడా అలాగే కట్టేవాడు. స్ప్రింగు పోతే కొత్తది కొనడానికి వీలుకాక.

అక్కడ కూర్చున్న పెద్దావిడ ఆయన కథ చెప్పింది. బ్యాండ్లన్నీ కాయితం మీద ఉన్నది ఉన్నట్టు వాయించే కాలంలో, శవయాత్రలో నెమ్మదిగా సాగే పాట మీద ఆయన తనదైన ఇంకో పాట అల్లుకుంటూ పైకి వెళ్ళేవాడట. మొదట తిట్టారు, తర్వాత అందరూ అదే పట్టుకున్నారు. నాలుగే రికార్డులు. ఐదోదానికి వెళ్తే, జనానికి నవ్వొచ్చేలా క్లారినెట్‌తో కోడికూత కూయించమన్నారట. ఆయన క్లారినెట్ విప్పి పెట్టెలో సర్దుకుని, రైలెక్కి ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత చచ్చేదాకా గోడలకు గచ్చు పూసే పనే. సాయంత్రాలు ఇంటి వసారాలో పాఠాలు చెప్పేవాడు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు.

"సమాధి మీద రాయి లేదు. సభ్యుల చావు ఖర్చులు చూసుకునే సంఘం ఒకటుండేది, ఆ సంఘంవాళ్ళందరికీ కలిపి ఒకటే కట్టడం. గోడకు గచ్చు పూసింది మాత్రం ఆయనే" అందావిడ.

తన సమాధి గోడకు తనే గచ్చు పూసుకున్న మనిషి. ఆ మాట నన్ను పట్టుకుంది. రాయి లేదు, పేరు లేదు, సున్నమైనా వేసేవాళ్ళు ఉన్నారో లేదో. ఆ రాత్రి హోటల్లో నేను సున్నం గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదని సుగుణ ఇప్పటికీ అంటుంది.

నవంబర్ ఒకటి

ఆ ఊళ్ళో నేల తవ్వితే నీళ్ళు. అందుకే సమాధులన్నీ నేల మీదే, చిన్న చిన్న ఇళ్ళలాగా వరసగా ఉంటాయి. ఒకరిని పెట్టి గోడ మూసేస్తారు. ఏడాది మీద ఒకరోజు గడిచాక, అవసరమైతే ఎముకలు వెనక్కి జరిపి అదే చోట ఇంకొకరిని పెడతారు. మొదట వినగానే ఒళ్ళు జలదరించింది. తర్వాత మా ఊరి చర్చి దొడ్డి గుర్తొచ్చింది. అక్కడ మా తాత మీద మా పెద్దనాన్న ఉన్నాడు, చోటు లేక.

ఆ ఉదయం గేటు దగ్గర ఒక అమ్మాయి బల్ల వేసుకుని, కుటుంబాలు రాని సమాధుల కోసం సున్నం కలిపిన బకెట్లూ బ్రష్షులూ ఇస్తోంది. కాలేజీ అమ్మాయి, ఆ ఏడే ఆ ఊరు వచ్చిందట. క్లోవిస్ బెర్జే ఉన్న సంఘం సమాధి అడిగాను. కాయితం చూసి, "దానికి సున్నం వేస్తామని ఎవరూ ముందుకు రాలేదు. మీరు చేస్తారా? చాలా థాంక్స్" అంది.

కట్టడం చివర వరసలో ఉంది. ముందు వైపు పర్వాలేదు. పక్క గోడ నిండా పెన్సిల్ గీతలు. పైనుంచి కిందికి, ఒక దాని కింద ఒకటి, ఒక్కోటి ఒక్కో రాత. కొన్ని పూర్తిగా మాసిపోయాయి. ఆ ఊళ్ళో తాగొచ్చిన టూరిస్టులు సమాధుల మీద పిచ్చిగీతలు గీస్తారని ముందురోజే విన్నాను. నా రక్తం ఉడికిపోయింది. మా ఊళ్ళో పిల్లలు బొగ్గుతో సమాధి మీద పేరు రాస్తే చెవి మెలేసి వాళ్ళతోనే కడిగిస్తారు. చచ్చినవాళ్ళ మీద బతికినవాళ్ళ పేరు రాయడం కంటే అపచారం మాకు లేదు.

"చూశావా, ఏం చేశారో?" అన్నాను.

"అడిగి చేయండి" అంది సుగుణ.

"అడిగాను కదా గేటు దగ్గర!"

"సున్నం అడిగారు. గీకడం అడగలేదు."

ఆ మాట నాకు వినపడింది. వినపడలేదని ఇక్కడ రాయగలను గానీ, మొత్తం రాస్తానని చెప్పాను. నేను గోడ ముందు చతికిలబడి, బ్రష్షు పైకెత్తి, ముందు ఒక ఫొటో తీయమన్నాను. తమ్ముడికి పంపుదామని. సుగుణ తీసింది. తర్వాత వైరు బ్రష్షుతో పైనుంచి కిందిదాకా గీకాను, తడి గుడ్డతో తుడిచాను, రెండు పూతలు సున్నం వేశాను. మధ్యాహ్నానికి గోడ పాలలా తెల్లబడింది. నాన్న సమాధికి వేసినంత తృప్తి కలిగింది. నిజం చెప్పాలంటే, పదకొండేళ్ళలో మొదటిసారి మంచి కొడుకుననిపించింది.

అప్పుడొచ్చాడు వెండెల్ గారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, నల్ల సూటు, చేతిలో క్లారినెట్ పెట్టె, రెండో చేతిలో చేమంతులు. నన్ను చూసి టోపీ తీశాడు. గోడ వైపు తిరిగాడు. నేను పొగుడుతాడని ఎదురుచూస్తున్నాను.

"పేర్లేవి?" అన్నాడు.

నా భుజం వెనక

క్లోవిస్ బెర్జే తన శిష్యులకు చివరగా ఒక శవయాత్ర పాట నేర్పేవాడట. అది ఆయనకు నచ్చేలా వాయించినవాళ్ళకే పాఠం పూర్తయినట్టు. ఆయన పోయాక మొదటి శిష్యుడు ఈ గోడ దగ్గర నిలబడి ఆ పాట వాయించి, జేబులోంచి పెన్సిల్ తీసి తన పేరు రాశాడు. తర్వాత రెండోవాడు. తర్వాత ఆ శిష్యుల శిష్యులు. కాయితం మీద ఎక్కడా లేదు, పుస్తకంలో లేదు. ఆయన నుంచి ఎవరు నేర్చారో చెప్పేది ఆ గోడ ఒక్కటే. పంతొమ్మిది పేర్లు. పంతొమ్మిదోది వెండెల్ గారిది. ప్రతి ఏడూ ఈ రోజున వచ్చి ఆ పేర్లు పైకి చదివి, ఆ పాట వాయించి వెళ్తాడు. తక్కినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

ఆయన ఇదంతా కోపంగా చెప్పలేదు. కోప్పడితే బాగుండేది. పక్క సమాధి మెట్టు మీద కూర్చుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని, నాకు తెలియాలి కాబట్టి చెప్తున్నట్టు చెప్పాడు. నా చేతులకు సున్నం ఎండి పగుళ్ళు వస్తున్నాయి. క్షమించమన్నాను. ఇంగ్లీషులో అన్నాను, అది చాలక తెలుగులో కూడా అన్నాను. ఆయన తలూపాడు. క్షమించానని మాత్రం అనలేదు.

"ఫొటో ఏమన్నా ఉందా సార్?" అంది సుగుణ.

"మనవడు తీశాడు. ఆ ఫోను పోయింది. గోడ ఎక్కడికీ పోదులే అనుకున్నాం."

అప్పుడు సుగుణకు మా ఫొటో గుర్తొచ్చింది. ముగ్గురం ఫోను మీద తలలు వంచాం. ఉంది. నా బట్టతల పైన ఎనిమిది పేర్లు, పెద్దవి చేసి చూస్తే చదవడానికి వీలుగా ఉన్నాయి. కింది పదకొండు పేర్ల ముందు నేను కూర్చుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను.

జీవితంలో నా ముఖం మీద నాకంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

"ఎనిమిది దొరికాయి, నాదొకటి" అన్నాడు వెండెల్ గారు. "పది నేను చెప్పాలి. రాసుకో బాబూ."

సుగుణ బ్యాగులోంచి చర్చి డైరీ తీసింది. నేను రాశాను. ఆయన కళ్ళు మూసుకుని, ఏటా చదివే వరసలోనే చెప్పుకుంటూ వచ్చాడు. ఒక్కో పేరు దగ్గర ఆగి ఒక ముక్క చెప్పేవాడు. ఒకతను పోస్టుమాన్, ఉత్తరాలు పంచుతూ ఈల వేసేవాడు. ఒకతను పెదవి తెగి వాయించడం మానేశాడు. ఒకతను వెండెల్ గారికే గురువు, జోసెఫ్. తొమ్మిది పేర్లొచ్చాయి. జోసెఫ్ పేరు రాశాక ఆయన ఆగిపోయాడు.

"జోసెఫ్‌కి ముందు ఒకటుంది" అన్నాడు.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఎండ ఆ వరసలోంచి వెళ్ళిపోయింది. ఆయన మొదటి పేరు నుంచి మళ్ళీ మొదలుపెట్టేవాడు, ఆ చోటికి వచ్చి ఆగేవాడు. "యాభై ఏళ్ళకు పైగా చదివాను. చదివేది కదా, గుర్తుపెట్టుకోవాలనుకోలేదు" అన్నాడు. ఆయన నాలుగోసారి ఆగినప్పుడు నేను లేచి గోడ వెనక్కి వెళ్ళిపోయాను. అక్కడ సుగుణ వచ్చి నా పక్కన నిలబడింది. తిడుతుందనుకున్నాను. నా చేతులు పట్టుకుని, తన చున్నీ తడిపి, ఎండిన సున్నం ఒక్కో వేలి మీద నుంచీ తుడిచింది.

నవంబర్ రెండు

సున్నం ఆరితే గానీ రాయకూడదన్నాడాయన. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాం. మా ఊళ్ళో ఆ గంటకు అందరూ కొవ్వొత్తులు వెలిగిస్తుంటారు. వెండెల్ గారు వడ్రంగి పెన్సిల్ తెచ్చాడు.

"నువ్వే రాయి" అన్నాడు.

"నా రాత బాగుండదు సార్. మీరు..."

"చెరిపినవాడివి నువ్వు."

రాశాను. పై నుంచి ఒక్కొక్కటీ, అక్షరాలు చూసుకుంటూ. ఒక్కొక్కరూ తమ చేత్తో, వాయించిన వేళ్ళతోనే రాసుకున్న పేర్లు, ఇప్పుడన్నీ ఒకే రాతలో, ఆఫీసు ఫారం నింపినట్టు ఉన్నాయి. దాన్ని ఎవరూ బాగుచేయలేరు. జోసెఫ్‌కి ముందు ఒక వరస ఖాళీగా వదలమన్నాడు, వదిలాను. చివరిది మాత్రం పెన్సిల్ తీసుకుని ఆయనే రాశాడు. గీత వంకరపోయింది. ఆ గోడ మీద సొంత రాత ఇప్పుడు అదొక్కటే.

తర్వాత పేర్లు పైకి చదివాడు. ఖాళీ వరస దగ్గర ఆగి, ఊపిరి పీల్చి, కింది పేరుకు వెళ్ళాడు. క్లారినెట్ బిగించి ఆ పాట వాయించాడు. నాన్న ఎక్కే చోటే ఆయనా పైకి ఎక్కాడు, రెండు చుట్లు తిరిగి దిగాడు. దిగిన చోట ఒక్క క్షణం ఊరుకుని మళ్ళీ అందుకున్నాడు. ముసలాయన, ఊపిరి చాలలేదనుకున్నాను. మా నాన్న సంగతి ఆయనకు చెప్పాలని అంత దూరం వచ్చాను. ఆ రెండు రోజుల్లో చెప్పే ముఖం లేకపోయింది. కారెక్కే ముందు సుగుణే చెప్పింది. ఆయన విని, "మీ నాన్నకు మనిషెవరూ నేర్పలేదన్నమాట, ప్లేటు నేర్పింది" అని మాత్రం అన్నాడు. మా ఫోన్ నంబరు అడిగి టోపీ లోపల రాసుకున్నాడు.

ఇంటికొచ్చాక

వచ్చిన మూడో వారం, ఆఫీసులో పొద్దున మీటింగ్‌లో ఉండగా ఫోను మోగింది. లూసియానా నంబరు. బయటికి వచ్చి ఎత్తాను.

"పెన్ను ఉందా బాబూ?" అన్నాడు వెండెల్ గారు, హలో కూడా అనకుండా.

ముందురోజు ఒకరి శవయాత్రలో ఆ పాట వాయించాడట. పైకెళ్ళి దిగాక ఆగే చోటు ఒకటుంది, రెండు తాళం దెబ్బలంత ఖాళీ. అక్కడ ఎందుకు ఆగుతాడో ఆయనెప్పుడూ ఆలోచించలేదు, జోసెఫ్ అలా నేర్పాడు కాబట్టి ఆగుతాడు. నిన్న ఆగినప్పుడు జోసెఫ్ గొంతు వినపడిందట, పాఠం చెప్పిన రోజుల్లో అన్నట్టే. "తొందరపడకు. ఆగు. ఇక్కడ లియోటా రావాలి."

"జోసెఫ్‌కి ముందు పేరు అదే. మర్చిపోయేలోపు రాసుకో" అన్నాడు. ఇంటిపేరుతో సహా స్పెల్లింగ్ ఒక్కో అక్షరం చెప్పాడు. నేను అరచేతి మీద రాసుకున్నాను.

"ఆవిడ ఎవరు సార్?"

"నేను చూడలేదు. నాకంటే ముందే పోయింది. ట్రాంబోన్ బాకా ఊదేదని జోసెఫ్ ఒకసారి అన్నాడు. అంతే." "ఇప్పుడు మనిద్దరికీ తెలుసు. నాకు ఎనభై నాలుగు. నువ్వు ఇంకొంతమందికి చెప్పు" అన్నాడు.

అందుకే మీకు చెప్తున్నాను. ఆమె పేరు లియోటా మార్సెల్. ట్రాంబోన్ వాయించేది. ఆ పాటలో ఆమె బాకా రావాల్సిన చోట వెండెల్ గారు ఇప్పటికీ ఆగుతున్నాడు.